ఆదాయాల వరుసలో మీరెక్కడ? మీకు తెలుసా?

దేశంలో పెద్దవాళ్లందరినీ ఆదాయాన్ని బట్టి, తక్కువ నుంచి ఎక్కువకు, ఒకే వరుసలో నిలబెడితే మీరు ఎక్కడ ఉంటారు? ఇక్కడ ఆదాయం అంటే పన్ను కోయకముందు చేతికి రావాల్సిన మొత్తం. ఈ ప్రశ్న ఎవరినడిగినా ఎక్కువమంది "మధ్యలో" అనే అంటారు. నెలకు లక్షన్నర జీతం తీసుకునే ఆయనా తనది మధ్యతరగతే అంటాడు, ఆటో నడుపుకొనే ఆయనా అదే మాట అంటాడు. ఇద్దరూ మనసులో ఉన్నదే చెబుతారు. పక్కింటివాళ్లతోనూ చుట్టాలతోనూ పోల్చుకుంటారు తప్ప, వరుస మొత్తాన్ని ఎవరూ చూడలేదు. ఆ వరుసను చూడాలని నూటపాతికేళ్లకు పైగా ఎందరో లెక్కలు కట్టారు. ఆ లెక్కల్లో బయటపడిన సంగతుల్లో తెలుగువాళ్లు తప్పకుండా తెలుసుకోవాలని నాకు అనిపించినవి ఇవి.

నెలకు పాతిక వేలు వస్తే పై పదో వంతులో ఉన్నట్టే

పారిస్‌లోని వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ పరిశోధకులు, థామస్ పికెటీ, మరో ముగ్గురు కలిసి, భారతదేశంలో 1922 నుంచి 2023 వరకు ఆదాయాలు ఎలా పంచుకుపోయాయో 2024లో ఒక అంచనా వేశారు. 2022-23 సంవత్సరానికి మన దేశంలో 92 కోట్లకు పైగా ఉన్న వయోజనుల సగటు ఆదాయం, పన్నుకు ముందు, ఏడాదికి సుమారు 2 లక్షల 35 వేల రూపాయలు. సంపాదన ఉన్నా లేకున్నా వయోజనులందరూ ఈ లెక్కలో ఉంటారు. వరుసలో సరిగ్గా మధ్యన నిలబడిన మనిషి ఆదాయం మాత్రం లక్షా 5 వేలు. అంటే నెలకు తొమ్మిది వేలు కూడా లేదు.

ఇక పై పది శాతంలోకి అడుగు పెట్టాలంటే ఏడాదికి 2 లక్షల 90 వేలు చాలు, నెలకు పాతిక వేల లోపే. పై ఒక్క శాతంలో చేరడానికి సుమారు 20 లక్షల 70 వేలు కావాలి. ఈ పై ఒక్క శాతం మంది దేశ ఆదాయంలో 22.6 శాతం పట్టుకుపోతున్నారు. కింది సగం మంది, అంటే 46 కోట్ల మంది, అందరూ కలిసి పంచుకునేది 15 శాతం.

ఇవి అంచనాలే. వీటి పద్ధతి మీద అభ్యంతరాలున్న ఆర్థికవేత్తలూ ఉన్నారు. ఆ తగువు ఎక్కడ వస్తుందో చివర్లో చెబుతాను. అయితే అంకెలు కొంచెం అటూ ఇటూ అయినా, హైదరాబాదులో కొత్తగా ఉద్యోగంలో చేరి జీతం చాలడం లేదని బాధపడే కుర్రవాడు దేశంలో ఎనభై కోట్ల మంది కంటే ముందున్నాడన్న మాట మారదు. ఆ కుర్రవాడి ఇబ్బంది నిజమైనదే. అతని వెనక ఉన్నవాళ్లు ఎలా బతుకుతున్నారో ఊహించుకోవడానికి అదే ఒక ఆధారం.

గంటసేపు సాగే ఊరేగింపు

డచ్చి ఆర్థికవేత్త యాన్ పెన్ 1971లో తన పుస్తకంలో ఒక ఊరేగింపును కల్పించాడు. దేశంలో అందరూ ఒక గంటలో మన కళ్లముందు నుంచి నడిచి వెళ్లిపోతారు. ఎవరి ఎత్తు వారి ఆదాయమంత. సగటు ఆదాయం ఉన్నవాడికి మామూలు మనిషి ఎత్తు. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. పెన్ ఆ ఊరేగింపును బ్రిటన్ లెక్కలతో నడిపించాడు. పైన చెప్పిన మన దేశపు అంకెలతో నడిపిస్తే ఇలా ఉంటుంది. సగటు ఎత్తు ఐదున్నర అడుగులు అనుకుందాం.

మొదటి అరగంటలో వెళ్లేవాళ్ల సగటు ఎత్తు అడుగున్నర పైచిలుకు. సరిగ్గా ముప్పయ్యో నిమిషంలో మన ముందుకొచ్చే మనిషి రెండున్నర అడుగులు ఉంటాడు. గడియారం చూసుకుంటాం. సగం సమయం అయిపోయింది కదా, మనంత మనిషి ఇప్పుడైనా రావాలి కదా అనిపిస్తుంది. రాడు. నలభయ్యో నిమిషం దాటుతుంది, యాభయ్యోది దాటుతుంది. ఐదున్నర అడుగుల మనిషి కనపడేసరికి ఊరేగింపు దాదాపు యాభై నాలుగో నిమిషానికి చేరుతుంది. మన దేశంలో 'సగటు' ఆదాయం రావాలంటే వందలో దాదాపు తొంభై మందిని దాటి ఉండాలన్నమాట.

అక్కడి నుంచి ఎత్తు చకచకా పెరుగుతుంది. చివరి 36 సెకన్లలో వచ్చేవాళ్లు నలభై ఎనిమిది అడుగుల పైనే, నాలుగంతస్తుల మేడంత. చివరి నాలుగు సెకన్లలోపు అడుగుపెట్టేవాళ్లలో అందరికన్నా పొట్టివాడు 190 అడుగుల పైన ఉంటాడు, చార్మినార్ మీనారు అతని తల కిందే ఉంటుంది. ఇక ఆఖరి రెప్పపాటులో పదివేల మంది కూడా లేని ఒక గుంపు దూసుకుపోతుంది. వాళ్ల సగటు ఆదాయం ఏడాదికి 48 కోట్ల పైన. ఎత్తు మూడు కిలోమీటర్లు దాటుతుంది. వాళ్ల మోకాళ్లు కూడా మనకు కనపడవు.

తలసరి ఆదాయం అని మనం పేపర్లో చదివే అంకె ఈ గుంపులన్నిటి ఆదాయాన్నీ కలిపి, తలల సంఖ్యతో భాగిస్తే వచ్చేది. రాష్ట్రాలు, జిల్లాల తలసరి లెక్కల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. అవి ఆ ప్రాంతంలో జరిగిన ఉత్పత్తి విలువను జనాభాకు పంచిన లెక్కలు. ఐటీ కంపెనీలు, మందుల ఫ్యాక్టరీలు ఉన్న రంగారెడ్డి జిల్లా తెలంగాణలో ఏటా పైన ఉండడానికి కారణం అదే. ఆ కంపెనీ లాభం ముంబయిలోని వాటాదారుడికి వెళ్లినా, అమెరికాలోని మాతృసంస్థకు వెళ్లినా, విలువ మాత్రం రంగారెడ్డి పద్దులోనే రాస్తారు. ఆ జిల్లాలోనే పత్తి చేలో కూలికి వెళ్లే ఆవిడ తలమీద కూడా ఆ లక్షలు పడతాయి, కాగితం మీద.

మూడణాలా, పదిహేనణాలా?

ఈ సగటు మీద లోక్‌సభలో పెద్ద యుద్ధమే జరిగింది. 1963 ఆగస్టు. స్వతంత్ర భారతంలో తొలి అవిశ్వాస తీర్మానం, ప్రవేశపెట్టింది ఆచార్య కృపలానీ. అంతకు కొద్ది నెలల ముందే ఫరూఖాబాద్ ఉపఎన్నికలో గెలిచి సభలో అడుగుపెట్టిన రామ్ మనోహర్ లోహియా లేచి, ఈ దేశంలో 27 కోట్ల మంది రోజుకు మూడణాల మీద బతుకుతున్నారని అన్నాడు. అప్పటి జనాభాలో అది అరవై శాతం. ప్రధాని నెహ్రూ ఒప్పుకోలేదు. ప్రణాళికా సంఘం లెక్కల ప్రకారం పదిహేనణాలు అని జవాబిచ్చాడు. ఏడున్నర అణాలన్న మూడో అంకె కూడా ఆ చర్చల్లోకి వచ్చింది.

ఈ అణాల లెక్కను ఒకసారి దగ్గరగా చూద్దాం. పదహారు అణాలు రూపాయి. రోజుకు పదిహేనణాలంటే ఏడాదికి 342 రూపాయలు. అది దేశపు తలసరి ఆదాయానికి దగ్గరి అంకె. బిర్లా, టాటాల ఆదాయం మొదలు బిచ్చగాడి చిల్లర దాకా కలిపి భాగిస్తే వచ్చేది. మూడణాలంటే ఏడాదికి 68 రూపాయలు. లోహియా అడిగింది కింది అరవై శాతం మంది సంగతి. నెహ్రూ చెప్పింది అందరి సంగతి. ఇద్దరూ ఒకే దేశం గురించి మాట్లాడుతూ వరుసలో వేర్వేరు చోట్ల వేలు పెట్టారు. మూడణాలు మరీ తక్కువ లెక్క అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు. కానీ "సగటు ఎంత?" అని అడగడం మానేసి "కింది అరవై శాతానికి ఎంత?" అని సభలో అడిగినందుకు లోహియాకు మనం రుణపడి ఉన్నామని నా అభిప్రాయం. అంతకు మూడేళ్ల ముందే, 1960లో, ప్రణాళికల వల్ల పెరిగిన ఆదాయం ఎవరికి చేరిందో తేల్చమని ప్రభుత్వం గణాంకవేత్త మహలనోబిస్ అధ్యక్షతన ఒక కమిటీని వేసింది. దాని నివేదిక మొదటి భాగం 1964లో వచ్చింది.

పదో వంతు మంది, నాలుగు రెట్ల ఆదాయం

విల్‌ఫ్రెడో పారెటో చదువుకున్నది ఇంజినీరింగు. ఇటలీలో రైల్వే కంపెనీలో, ఇనుము కంపెనీలో పనిచేసి, నలభై అయిదో ఏట స్విట్జర్లాండ్‌లోని లోసాన్ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం ఆచార్యుడయ్యాడు. 1890ల్లో ఇంగ్లండు, ప్రష్యా, సాక్సనీ, ఇటలీ నగరాల పన్ను రికార్డులు ముందేసుకుని, ఒక్కో ఆదాయానికి పైన ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాడు. ఆ అంకెల లాగరిథమ్‌లు తీసి గ్రాఫు మీద చుక్కలు పెడితే అవి తిన్నగా ఒక గీతలో పడ్డాయి. దేశం మారినా గీత వాలు పెద్దగా మారలేదు.

లాగరిథమ్ అనగానే భయపడనక్కర లేదు. మన దేశపు పై మెట్లలోనే ఆ గీత కనిపిస్తుంది. పై ఒక్క శాతం గుమ్మం 20 లక్షల 70 వేలు. మనుషులను పదో వంతుకు తగ్గించి పై 0.1 శాతం గుమ్మం చూస్తే సుమారు 82 లక్షలు, నాలుగు రెట్లు. మళ్లీ పదో వంతుకు తగ్గించి 0.01 శాతం గుమ్మం చూస్తే సుమారు 3 కోట్ల 46 లక్షలు, మళ్లీ నాలుగు రెట్ల పైచిలుకు. పై ఒక్క శాతంలోకి చేరినవాడికి కూడా తలెత్తి చూస్తే పైన అంతే దూరం కనిపిస్తుంది. కోటి రూపాయల వాడు తనను తాను ధనికుడినని అనుకోకపోవడానికి ఇదొక కారణం.

పారెటో దీన్ని ప్రకృతి ధర్మంలా భావించాడు. ఏ ప్రభుత్వం వచ్చినా ఈ గీత మారదన్నాడు. ఆ మాట నిలబడలేదు. ఎందుకో కింద మన దేశపు వందేళ్ల చరిత్రే చెబుతుంది. ఇంకో సంగతి, ఈ గీత పైనున్న కొద్దిమందికే సరిపోతుంది. మిగిలిన జనం విషయంలో ఫ్రెంచి పరిశోధకుడు రొబేర్ జిబ్రా 1931లో వేరే సూత్రం చెప్పాడు. ఆదాయం ఏటా కూడికలా కాకుండా హెచ్చవేతలా మారుతుంది. పదివేల వాడికీ పది లక్షల వాడికీ పెరుగుదల శాతాల్లోనే వస్తుంది. అదే అదృష్టం ఇద్దరినీ వరించినా, కొన్నేళ్లకు దూరం మాత్రం పెరుగుతూనే పోతుంది.

ఒకే దేశం, 25.5 ఒకరికి, 62 ఇంకొకరికి

అసమానతను ఒకే అంకెలో చెప్పడానికి వాడే గిని సూచికను ఇటలీ గణాంకవేత్త కొర్రాడో గిని 1912లో ప్రతిపాదించాడు. దాని వెనకున్న వంపు గీత 1905లో అమెరికాకు చెందిన మాక్స్ లోరెంజ్ గీసింది. అందరికీ సమానంగా ఉంటే సున్నా, అంతా ఒక్కడి చేతిలోనే ఉంటే వంద.

2025 జులైలో కేంద్ర ప్రభుత్వ ప్రకటన ఒకటి వచ్చింది. ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం భారతదేశం గిని 25.5 అనీ, ప్రపంచంలో అత్యంత సమానత ఉన్న దేశాల్లో మనది నాలుగో స్థానమనీ. విన్నవాళ్లు ఆశ్చర్యపోయారు. ఆ లెక్క ఇచ్చిన ప్రపంచ బ్యాంకు పత్రంలోనే ఇంకో వాక్యం ఉంది. వరల్డ్ ఇనీక్వాలిటీ డేటాబేస్ ప్రకారం భారతదేశంలో ఆదాయాల గిని 2004లో 52 ఉండగా 2023కి 62 అయిందని.

రెండూ ఒకే పత్రంలో ఎలా ఉన్నాయి? మొదటిది ఖర్చుల లెక్క, రెండోది పన్నుకు ముందు ఆదాయాల లెక్క. ఒక ఇంట్లో నెలకు 12 వేలు వస్తాయి, అప్పు చేసి 13 వేలు ఖర్చు పెడతారు. ఇంకో ఇంట్లో 12 లక్షలు వస్తాయి, ఎంత ధారాళంగా ఉన్నా రెండు లక్షలకు మించి ఖర్చు కాదు. మిగిలింది ప్లాట్ల మీదకు, షేర్ల మీదకు పోతుంది. ఆదాయంలో రెండిళ్ల మధ్య తేడా వంద రెట్లు. ఖర్చులో పదిహేను రెట్లు. పేదవాడి అప్పు కూడా ఖర్చుల లెక్కలో అతన్ని కాస్త పైకి లేపి చూపిస్తుంది! అమెరికా, ఐరోపా దేశాలకు గిని కట్టేది ఆదాయాల మీద. మన ఖర్చుల అంకెను తెచ్చి వాళ్ల ఆదాయాల అంకె పక్కన నిలబెట్టి స్థానం ప్రకటించడం సరికాదు. ఇది రాజకీయ విమర్శ కాదు, కొలబద్ద విషయం.

జమీందారుకు లేని పన్ను

పైవాళ్ల పాత ఆదాయాలు తెలిసేది పన్ను పట్టికల నుంచే. మన దేశంలో ఆదాయపు పన్ను 1860లో మొదలైంది. 1857 తిరుగుబాటును అణచడానికి అయిన ఖర్చు పూడ్చుకోవడానికి లండన్ నుంచి జేమ్స్ విల్సన్‌ను పంపారు. ఆయన ఎకానమిస్ట్ పత్రిక స్థాపకుడు. ఏడాదికి 200 రూపాయల లోపు వస్తే పన్ను లేదు. 200 నుంచి 500 వరకు 2 శాతం, ఆపైన 4 శాతం. ఈ 200 ఎంత పెద్ద మొత్తమో తెలియాలంటే, కొన్నేళ్ల తర్వాత దాదాభాయి నౌరోజీ కట్టిన లెక్క గుర్తు తెచ్చుకోవాలి. 1867-68 ప్రాంతంలో బ్రిటిష్ ఇండియాలో తలకు ఏడాదికి 20 రూపాయలే అని ఆయన తేల్చాడు.

అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు ఉన్న మద్రాసు రాష్ట్రానికి గవర్నరు చార్లెస్ ట్రెవెలియన్. ఈ పన్ను వద్దని ఆయన రాసిన అభిప్రాయాన్ని పత్రికలకెక్కించాడు. పైవాళ్లకు కోపమొచ్చి ఆయన్ను వెనక్కి పిలిపించారు. విల్సన్ ఆ ఏడాది ఆగస్టులోనే కలకత్తాలో రక్తవిరేచనాలతో చనిపోయాడు. తర్వాత రెండు మూడేళ్లకు ట్రెవెలియన్ ఏకంగా ఆర్థిక సభ్యుడిగా తిరిగొచ్చాడు. ఆయన హయాంలోనే, 1865లో, ఆ పన్ను ముగిసిపోయింది.

1886లో మళ్లీ వచ్చిన చట్టం వ్యవసాయ ఆదాయాన్ని పన్ను నుంచి తప్పించింది. రైతుకు మేలే కదా అనిపిస్తుంది. కానీ శాశ్వత శిస్తు కింద ఉన్న విజయనగరం, పిఠాపురం, బొబ్బిలి, వెంకటగిరి లాంటి జమీందారీల్లో రైతులు కట్టే శిస్తు కూడా ఈ 'వ్యవసాయ ఆదాయం' కిందికే వచ్చింది. ఊళ్లో ప్లీడరు పన్ను కట్టాడు, తాలూకా గుమాస్తా కట్టాడు. వాళ్లకు ఎన్నో రెట్లు పైనున్న జమీందారు శిస్తుల మీద కట్టలేదు. పన్ను పట్టికల్లో ఆ ఆదాయం అసలు కనపడనే కనపడదు. 1922 చట్టం కూడా బ్రిటిష్ ఇండియాకే పరిమితం కాబట్టి హైదరాబాదు సంస్థానంలోని ఆదాయాలు ఆ పట్టికల్లో లేవు. 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడని ముఖచిత్రంగా వేసిన నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఉన్నది ఆ సంస్థానంలోనే. పాత లెక్కలు చదివేటప్పుడు ఈ ఖాళీలు మనసులో పెట్టుకోవాలి.

వ్యవసాయ ఆదాయానికి కేంద్ర పన్ను మినహాయింపు నేటికీ కొనసాగుతోంది. పెద్ద కమతాల మీద పన్ను వేయాలని 1972లో కె.ఎన్.రాజ్ కమిటీ సిఫారసు చేసింది. అమలు కాలేదు.

రూపాయిలో 97 పైసలకు పైగా పన్ను

1973-74లో ఆదాయపు పన్నుకు పదకొండు శ్లాబులు ఉండేవి. అన్నిటికన్నా పై శ్లాబు 85 శాతం, దాని మీద 15 శాతం సర్‌ఛార్జి. కలిపితే 97.75 శాతం. మరుసటి ఏడాదే దాన్ని 77 శాతానికి దించారు.

ఆదాయం 'పన్నుకు ముందు'దే అయినా, పన్ను రేటు దాన్ని మార్చేస్తుంది. చివరి రూపాయిలో రెండు పైసలే మిగిలేచోట జీతం పెంచమని ఎవరడుగుతారు? కారు, ఇల్లు, క్లబ్బు ఖర్చులు కంపెనీ పద్దులో రాయించుకుంటారు. లేదా రెండో చిట్టా తెరుస్తారు. లెక్కల్లో చూస్తే 1930ల చివర్లో పై ఒక్క శాతం వాటా దాదాపు 21 శాతం. 1980ల మొదట్లో 6 శాతానికి పడిపోయింది. ఇప్పుడు 22 పైన. పారెటో గీత మారదన్నాడు కానీ నలభై ఏళ్ల పైచిలుకులో ఇంత దిగి, మరో నలభై ఏళ్లలో అంతా ఎక్కింది. ఆ 6 శాతంలో నిజంగా తగ్గింది ఎంత, దాచింది ఎంత అన్నది ఎవరూ ఖచ్చితంగా విడదీయలేరు. జమీందారీల రద్దు, సంస్థానాల విలీనం, లైసెన్సుల కట్టడి, అన్నీ కలిసి పైవాళ్ల ఆదాయాన్ని నిజంగానే తగ్గించాయని నేను నమ్ముతాను. దొంగ లెక్కలూ తమ వంతు కలిపాయి.

ఇంకో వింత. ఏ ఆదాయపు శ్లాబులో ఎంతమంది ఉన్నారో చెప్పే పన్ను గణాంకాలను బ్రిటిషువాళ్ల కాలం నుంచి అచ్చు వేస్తూ వచ్చారు. 2000 ప్రాంతంలో ఆపేశారు. ఐటీ రంగం ఎదిగి, కోటీశ్వరులు పుట్టుకొచ్చిన ఆ కాలమంతా పట్టికలు లేవు. 2016లో మళ్లీ విడుదల చేశారు. వాటిని బట్టి, కోటి రూపాయల పైన పన్ను పడే ఆదాయం చూపించిన వ్యక్తులు 2013-14 అసెస్‌మెంట్ సంవత్సరంలో 44,078 మంది, పదేళ్లకు సుమారు 2 లక్షల 30 వేల మంది.

నార్వేలో పక్కింటాయన ఆదాయం చూడొచ్చు

నార్వేలో ఎవరి ఆదాయం, ఆస్తి, కట్టిన పన్ను ఎంతో ప్రజలందరూ చూడవచ్చు. 2001 నుంచి ఇంటర్నెట్లో పెట్టారు. 2014 నుంచి ఒక మార్పు చేశారు: మీ వివరాలు ఎవరు వెతికారో మీకు తెలిసిపోతుంది. ఆ దెబ్బతో వెతికేవాళ్లు బాగా తగ్గిపోయారు. ఇంటర్నెట్లో పెట్టిన తర్వాత ధనికుల, పేదల సంతోషాల మధ్య దూరం పెరిగిందని ఒక అధ్యయనం తేల్చింది. వరుసలో తన చోటు తెలియడం అందరికీ హాయినివ్వదు.

అమెరికాలో మనవాళ్లు

అమెరికాలో భారతీయుల కుటుంబ ఆదాయం, మధ్యస్థం తీసుకుంటే, 2023లో 1,51,200 డాలర్లు. దేశం మొత్తానికి అది 80,610. డాలస్, న్యూజెర్సీల్లో స్థిరపడిన తెలుగు ఇంజినీర్ల కుటుంబాలు ఈ అంకెలో ఉన్నవే. అయితే ఇదే అమెరికాలో 2016 నాటికి ఆసియా మూలాల వాళ్ల లోపలి అంతరం మిగతా జాతులన్నిటి కంటే ఎక్కువ. పై పదో వంతు గుమ్మంలో ఉన్నవాడి ఆదాయం కింది పదో వంతు గుమ్మంలోనివాడికి 10.7 రెట్లు. పెట్రోలు బంకులో, మోటెల్లో రాత్రి పని చేసేవాళ్లూ ఆ లెక్కలో భాగమే. సంక్రాంతికి ఇంటికొచ్చినవాళ్ల కబుర్లలో వాళ్ల సంగతి రాదు.

రైతుకు చేను కంటే కూలి ఎక్కువిస్తోంది

2018-19లో జాతీయ నమూనా సర్వే వ్యవసాయ కుటుంబాల స్థితిగతులు చూసింది. దేశవ్యాప్తంగా ఒక వ్యవసాయ కుటుంబం నెలసరి సగటు ఆదాయం 10,218 రూపాయలు. అందులో కూలి, జీతాల ద్వారా వచ్చేది 4,063. పంటల మీద మిగిలేది 3,798. పశువుల మీద 1,582. మిగతాది చిన్న వ్యాపారం, భూమి కౌలు. ఆంధ్రప్రదేశ్ కుటుంబానికి 10,480, తెలంగాణ కుటుంబానికి 9,403. రైతు అని మనం పిలుస్తున్న మనిషి ఆదాయం లెక్కలో చూస్తే కూలిగా ఎక్కువ సంపాదిస్తున్నాడు. ఈ ఒక్క అంకె మీద జరగాల్సినంత చర్చ జరగలేదని నా బాధ.

మన ప్రభుత్వం ఇన్నాళ్లూ అందరి ఆదాయం అడగలేదు

జాతీయ నమూనా సర్వేలు మొదలై డెబ్బై ఏళ్లు దాటింది. బియ్యం ఎంత కొన్నారు, నూనె ఎంత, బస్సు ఛార్జీలెంత అని ఖర్చులు అడుగుతారు. కుటుంబ ఆదాయం అడగాలని 1950ల్లో, 60ల్లో కొన్ని రౌండ్లలో ప్రయత్నించారు. జనం చెప్పిన ఆదాయం వాళ్ల ఖర్చు, పొదుపు కలిపినదాని కంటే తక్కువ తేలింది. పనికిరాదని వదిలేశారు.

ఎందుకలా జరుగుతుందో పల్నాడులో ఒక మిర్చి రైతు ఇంటి గడప దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. సొంతం రెండెకరాలు, కౌలు మూడెకరాలు అనుకోండి. సర్వే అతను "నెలకు ఎంత వస్తుంది?" అంటాడు. నెలకేమీ రాదు. కల్లంలో ఎండబెట్టిన కాయ గుంటూరు యార్డుకు వెళ్లేది ఏడాదికోసారి. సగం టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి, రేటు కోసం చూస్తున్నారు. వాటిని ఈ ఏడాది ఆదాయంలో రాయాలా, వచ్చే ఏడాదిలోనా? అమ్మిన వాటి డబ్బులో కమీషన్ వ్యాపారి తన అడ్వాన్సు, వడ్డీ పట్టుకునే ఇచ్చాడు. పురుగు మందుల షాపులో బాకీ ఉంది, కౌలు కట్టాలి. ఇవన్నీ తీస్తే మిగిలేది ఎంతో ఇంటి యజమాని నోటితో చెప్పలేడు. గేదె పాల బిల్లు ఇంటావిడ చేతికి వస్తుంది, అది ఆవిడకే తెలుసు. ఇంట్లో తాగిన పాలకు విలువ కట్టాలని ఎవరికీ తోచదు. ఇద్దరూ వేసవిలో ఉపాధి హామీ పనికి వెళ్లారు. కొడుకు హైదరాబాదు నుంచి అప్పుడప్పుడూ ఫోన్‌పే చేస్తాడు. అన్నీ రాస్తే రేషను కార్డు పోతుందేమోనన్న భయం ఒకటి. చివరికి "ఏముంది సార్, ఏమీ మిగల్లేదు" అనేది జవాబు. ఆ మాటలో అబద్ధం లేదు, అంకె కూడా లేదు.

దేశమంతటా కుటుంబ ఆదాయాల సర్వే 2026లో చేపడతామని కేంద్ర గణాంక శాఖ 2025 జూన్‌లో ప్రకటించింది. ఇలా ఒక్కో దారినీ విడివిడిగా అడిగితే కింది సగం సంగతి మొదటిసారి ఆదాయం రూపంలో తెలిసే అవకాశం ఉంది. పైవాళ్ల దగ్గర ఇబ్బంది వేరు. గేటెడ్ కమ్యూనిటీ గేటు దాటి సర్వే మనిషి లోపలికి వెళ్లడమే గగనం, వెళ్లినా షేర్ల లాభాలు, కంపెనీ డివిడెండ్లు ఎవరు విప్పి చెబుతారు? అందుకే పరిశోధకులు పై కొసకు పన్ను రికార్డులు, కింది జనానికి సర్వేలు తీసుకుని మధ్యలో అతుకు వేస్తారు. మొత్తం మాత్రం జాతీయ ఆదాయానికి సరితూగేలా సర్దుతారు. ఆ అతుకు తొంభయ్యో మనిషి దగ్గర వేయాలా, తొంభై అయిదో మనిషి దగ్గరా, పన్ను రిటర్నులో చూపని ఆదాయాన్ని ఎవరి ఖాతాలో వేయాలి అన్నవాటి మీదే ఆర్థికవేత్తల తగువంతా. పై ఒక్క శాతం వాటా ఎంతో చెప్పే అంకె ఆ నిర్ణయాలను బట్టే అటూ ఇటూ జరుగుతుంది.